రేవులో ఆగిపోయిన సీరియల్

ఇది ఇంతవరకూ నేనెవరికీ చెప్పలేదు. డైరీలో కూడా రాసుకోలేదు. మా మేనత్త ముప్పై ఏళ్ళ పాటు ముగింపు తెలియక కొట్టుకులాడిన ఒక సీరియల్‌కి చివరి భాగం నేను రాశాను. అప్పట్లో వారపత్రికలో వచ్చింది ఇదేనని అబద్ధం చెప్పి, వియత్నాంలో ఒక రొయ్యల ఫ్యాక్టరీ స్కూటర్ల షెడ్డులో కూర్చుని, ఫోన్లో చదివి ఆవిడకి పంపాను. నమ్మిందనే అనుకున్నాను.

అత్త మా నాన్నకి అక్క. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే "నా కొలతకి ఎవడూ సరిపోలేదండి" అనేది. రామచంద్రపురానికి నాలుగు కిలోమీటర్ల దూరంలో పంట కాలవ పక్కన మా ఇల్లు. వీధి వైపు గది అత్తది. అందులో కుట్టు మిషను, గుడ్డ ముక్కల మూట, గోడకి మా లూథరన్ చర్చి క్యాలెండరు, కిటికీ కింద ఒక ట్రంకుపెట్టె. ఆ పెట్టె నిండా సీరియళ్ళు.

వారపత్రికల్లోంచి సీరియల్ పేజీలు చింపి, వరసగా పేర్చి, పుస్తకంలా కుట్టుకోవడం ఒకప్పుడు మా వైపు చాలా ఇళ్ళల్లో ఉండేదట. అందరూ దబ్బనంతో, పురికొసతో కుట్టేవారు. మా అత్త మిషను మీద కుట్టేది. లావు సూది వేసి, ఎనిమిదేసి పదేసి కాగితాలు మిషను పాదం కింద పెట్టి, ఆ రోజు ఎవరి జాకెట్టు కుడుతుంటే ఆ దారంతోనే లాగించేసేది. అందుకని ఒకే పుస్తకానికి వెన్ను మీద ఒక చోట ఎరుపు, ఒక చోట నీలం, ఒక చోట పసుపు. అట్టలు పాత చర్చి క్యాలెండర్లవి. వాక్యం ఉన్న వైపు లోపలికి మడిచేది, దేవుడి మాటకి చేతి జిడ్డు అంటకూడదని.

నాకు చదవడం అలవాటైంది ఆ పుస్తకాల మీదే. బడిలో లేచి పాఠం చదవమంటే నోరు పెగిలేది కాదు. ఇంటికొచ్చి అత్త మిషను పక్కన కింద కూర్చుని మాత్రం గంటలు గంటలు పైకి చదివేదాన్ని. మిషను చప్పుడులో నా గొంతు వినపడేది కాదు. "ఏంటే ఆ గొణుగుడు? చీమ చెవిలో చెప్తున్నావా? గట్టిగా చదువు" అని కాలు ఆపకుండానే కసిరేది. ఆవిడ ఒక్కదాని ముందే నాకు గొంతు వచ్చేది.

ఆ పెట్టెలో అన్నింటిలోకీ ఆవిడకి ప్రాణమైన సీరియల్ నలభై ఒక్క వారాలది. మొదటి పేజీ ఎప్పుడో ఊడిపోయింది. పేరేమిటో, రాసినాయన ఎవరో అత్తకీ గుర్తులేదు. "ఆ పిల్ల సీరియల్" అనేది అంతే. తల్లీ తండ్రీ లేని పిల్ల, పెంచిన అక్క, గోదావరి గట్టున రెండు గదుల ఇల్లు. ఆ పిల్లకి పోలవరం అవతల కొండల్లో టీచరు ఉద్యోగం వస్తుంది. ఊళ్ళో ఆమెని ఇష్టపడే కాంపౌండరు ఒకడుంటాడు, నోరు విప్పి చెప్పడు. నలభై ఒకటో వారం చివర ఆ పిల్ల పెట్టె పట్టుకుని రాజమండ్రి రేవుకి వస్తుంది. గట్టుకీ లాంచీకీ మధ్య వేసిన బల్ల మీద ఒక కాలు పెడుతుంది. వెనక నుంచి ఎవరో పేరు పెట్టి పిలుస్తారు.

అంతే. కింద, ముగింపు వచ్చే వారం అని ఉంటుంది.

ఆ వచ్చే వారం మా ఇంటికి రాలేదు. అత్త వారపత్రిక కొనేది కాదు. రామచంద్రపురం బజారులో కిరాణా కొట్టు వాళ్ళ కోడలు అత్త దగ్గర జాకెట్లు కుట్టించుకునేది. వాళ్ళింట్లో చదవడం అయిపోయిన పత్రికల్ని గుడ్డతో పాటు సంచీలో పెట్టి పంపేది. సరిగ్గా ఆ రోజుల్లోనే అత్త ఆవిడ పట్టు జాకెట్టు పాడు చేసింది. చిలకపచ్చ పట్టు. చేతులకి అంచు తలకిందులుగా పెట్టి కత్తిరించేసింది. కత్తెర పడ్డాక చేసేదేముంది? అలాగే కుట్టి, తలొంచుకుని ఇచ్చి వచ్చింది. ఆ మరుసటి వారం నుంచి పత్రికలు లేవు. జాకెట్టు గుడ్డలూ లేవు.

"కోపం రాదా మరి? పట్టు కదా" అనేది అత్త. బజారుకి వెళ్తే ఆ కొట్టు ముందు నుంచి నడవకుండా చేపల సందులోంచి చుట్టు తిరిగి వెళ్ళేది. ఒక పావుగంట ఎక్కువ నడక. ముప్పై ఏళ్ళు అలాగే నడిచింది.

పిలిచిందెవరన్నది మాత్రం మా ఇంట్లో తెగని వ్యాజ్యం. మా అమ్మది కాంపౌండరు పక్షం.

"ఇంకెవరు పిలుస్తారు వదినా? కథన్నాక పెళ్ళి కావద్దూ?"

"కాంపౌండరు మొహం! వాడికి రేవంతా వినపడేంత గొంతెక్కడిదే? సూదిమందు వేసేటప్పుడు కూడా గొణుగుతాడు. అక్కే పిలిచింది."

"అక్కయితే అస్సలు పిలవదు. బయల్దేరిన మనిషిని వెనక నుంచి పిలుస్తారా ఎవరైనా?"

"అదేనే నేననేదీ. పిలవకూడదని తెలిసీ పిలిచిందంటే, లోపల్నుంచి ఎంత తన్నుకొచ్చి ఉండాలి!"

చదువయ్యాక నాకు కాకినాడ దగ్గర రొయ్యలు ఎగుమతి చేసే ఫ్యాక్టరీ ల్యాబులో ఉద్యోగం వచ్చింది. మాట్లాడక్కర్లేని పని కాబట్టి నాకు నచ్చింది. అదే సంవత్సరం అత్త కిడ్నీలు పాడైపోయాయని తెలిసింది. వారానికి మూడు రోజులు కాకినాడ ఆస్పత్రిలో డయాలసిస్, ఒక్కోసారికీ నాలుగు గంటలు. "ఇన్నాళ్ళూ మిషన్ని నేను తిప్పాను. ఇప్పుడు మిషను నన్ను తిప్పుతోంది" అని నర్సులతో నవ్వేది. నా సెలవు రోజు కలిసొస్తే పక్కన కూర్చుని చదివేదాన్ని. చేతికి రెండు సూదులు గుచ్చి ఉంటే పుస్తకం పట్టుకోలేదు కదా. చుట్టుపక్కల మంచాల వాళ్ళు కూడా వినేవారు. వాళ్ళు వింటున్నారని గుర్తొస్తే నా గొంతు మళ్ళీ చిన్నదైపోయేది.

ఆ ఏడు వర్షాలు మొదలయ్యే ముందు ఫ్యాక్టరీ వాళ్ళు నన్ను రెండు నెలల శిక్షణకి వియత్నాం పంపుతామన్నారు. మేనేజరు గారు "వెళ్తావామ్మా?" అనగానే "సరేనండి" అన్నాను. కాదనడానికి నోరు రాలేదని ఇంట్లో చెప్పాను. అది సగమే నిజం. నాకు వెళ్ళాలని ఉంది. పుస్తకాల్లో తప్ప ఎక్కడికీ వెళ్ళని దాన్ని. ఒక్కసారి విమానం కిటికీలోంచి మా కాలవలు చూడాలని ఉంది.

వెళ్ళే ముందు ఆ ముగింపు సంపాదించి అత్తకి ఇచ్చి పోదామనుకున్నాను. రాజమండ్రిలో పాత పుస్తకాల కొట్లు రెండు ఆదివారాలు తిరిగాను. ఆ పత్రిక మూతపడి చాలా కాలమైందన్నారు. ఇక మిగిలింది కిరాణా కొట్టు ఆవిడే. ఒకరోజు సాయంత్రం ధైర్యం చేసి వెళ్ళాను. గల్లాపెట్టె దగ్గర ఆవిడే కూర్చుంది. తల నెరిసింది, ముక్కుపుడక మెరుస్తోంది.

"ఏం కావాలమ్మా?"

"అరకిలో చింతపండండి."

చింతపండు పొట్లం పట్టుకుని కాసేపు నిలబడ్డాను. ఇంకేమైనా కావాలా అన్నట్టు చూసింది. తల అడ్డంగా ఊపి వచ్చేశాను. ఇంటికొచ్చాక అమ్మ, "ఇంట్లో కుండెడు చింతపండు పెట్టుకుని మళ్ళీ ఎందుకే?" అని తిట్టింది. అత్త ఆ పొట్లం కేసీ, దాని మీద అచ్చువేసిన కొట్టు పేరు కేసీ చూసి మళ్ళీ మిషను వైపు తిరిగింది.

బయల్దేరిన రోజు అత్త గేటు దాకా వచ్చింది. ఆ వారమంతా ఆవిడ నా కోసం విమానంలో మెడ కింద పెట్టుకునే దిండు కుట్టింది. ఫోన్లో బొమ్మ చూసి, జాకెట్టు ముక్కలు అతికి, బూరుగు దూది కూరి. కారెక్కే హడావిడిలో దాన్ని వరండా కుర్చీలో మర్చిపోయాను. విశాఖ వెళ్ళే దారిలో తుని దాటాక గుర్తొచ్చి ఫోన్ చేశాను.

"చూశానే. నువ్వు మెట్లు దిగుతుంటేనే చూశాను."

"మరి పిలవొచ్చు కదత్తా?"

"వెళ్ళేదాన్ని వెనక నుంచి పిలుస్తారేంటే, బుద్ధి లేదూ?" అంది. తర్వాత తనే, "మనకలాంటివి లేవు గానీ, అయినా" అంది. చర్చిలో పాస్టరు గారు శకునాలు నమ్మకూడదని ప్రసంగం చేస్తే అందరికంటే ముందు ఆమెన్ అనేది ఆవిడే.

నన్ను పంపిన ఊరు కూడా డెల్టాయే. వేరే దేశమని వెళ్తే, బస్సు కిటికీలోంచి అవే రొయ్యల చెరువులు, నీళ్ళు చిమ్ముతూ తిరిగే అవే చక్రాలు, గట్ల మీద అవే కొబ్బరి చెట్లు. మనుషుల ముఖాలూ, బోర్డుల మీద అక్షరాలూ వేరు. మొదటి వారం నాకు భాష రాకపోవడం హాయిగా ఉండేది. ఎవరూ ఏమీ అడగరు. రెండో వారానికి, రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదని సాయంత్రం గదికి వచ్చాక తెలిసేది. నోరు ఎండిపోయి ఉండేది.

పొద్దున్నే వీధిలో పెద్దవాళ్ళు కూడా పిల్లలు కూర్చునేంత చిన్న ప్లాస్టిక్ స్టూళ్ళ మీద కూర్చుని వేడి పులుసులో సేమ్యా లాంటిది తినేవారు. పళ్ళెం నిండా పచ్చి ఆకులు. తులసి వాసన వేసేవి కొన్ని, కొత్తిమీర వాసన వేసేవి కొన్ని. ఫ్యాక్టరీలో గమ్‌బూట్లు, మాస్కు, తలకి టోపీ. ఐసు నీళ్ళలో వేళ్ళు మొద్దుబారేవి. రొయ్య ఉడికినా వంకర తిరగకుండా నిటారుగా ఉండేలా చేయడం అక్కడ నేను నేర్చుకున్న ముఖ్యమైన పని. పొట్ట వైపు చిన్న చిన్న గాట్లు పెట్టి, బల్ల మీద వేలితో నెమ్మదిగా నొక్కాలి. గాటు లోతు ఎక్కువైతే తెగిపోతుంది. అత్తకి చెబితే, "ఓస్, అంతేనా? మెడ వంపు దగ్గర కత్తెర గాట్లు పెట్టి తిరగేస్తాం, అదేగా" అంది.

మధ్యాహ్నం భోజనమయ్యాక అక్కడ ఫ్యాక్టరీ మొత్తం ఒక గంట నిద్రపోతుంది. వరండాల్లో అట్టముక్కలు పరుచుకుని, టోపీలు ముఖం మీద వేసుకుని, దీపం ఆర్పినట్టు నిద్రపోతారు. నాకు నిద్ర వచ్చేది కాదు. ఆ గంట నేను స్కూటర్ల షెడ్డులోకి వెళ్ళి, ఒక తిరగేసిన ఐసు డబ్బా మీద కూర్చుని, సంచీలోంచి ఆ పిల్ల సీరియల్ తీసి, అత్త కోసం ఫోన్లో చదివి రికార్డు చేసేదాన్ని. వాళ్ళందరి నిద్ర చెడుతుందని మెల్లగా. రెండు మూడు వారాల కథ ఒకసారికి. డయాలసిస్ రోజు అమ్మ ఆవిడ చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టేది.

పుస్తకం నాతో పంపింది అత్తే. "నువ్వు చదివితే నేను వింటాను. నాకు కళ్ళు ఎలాగూ ఆనట్లేదు" అంది. ఆ పుస్తకం ప్రపంచంలో ఇంకొకటి లేదు. అందుకని విమానంలో కూడా ఒళ్ళోనే పెట్టుకున్నాను.

అత్త జవాబులు కూడా గొంతులోనే వచ్చేవి. ఆవిడకి టైపు చేయడం రాదు.

"ఎవరిదే ఆ కోడి? మధ్యలో కూసింది. అది కూడా తెలుగులోనే కూస్తోందే!"

"కాంపౌండరు వచ్చిన చోట మరీ అంత బాగా చదవకు. మీ అమ్మ ఎగురుతోంది ఇక్కడ."

"తింటున్నావా? ఆకులే తింటున్నావా? మేకనుకుంటారే."

ఒకరోజు మా లైను చూసే వియత్నాం ఆవిడ, నిద్ర పట్టక కాబోలు, షెడ్డులోకి వచ్చింది. నేను గభాలున ఆపేశాను. ఆవిడ నా చేతిలోంచి పుస్తకం తీసుకుని అక్షరాలు చూడలేదు, వెన్ను మీద కుట్లు చూసింది. ఎరుపు, నీలం, పసుపు. వేలితో తడిమింది. తన ఫోన్లో ఏదో మాట్లాడితే అది తెలుగులో "ఎవరు కుట్టారు" అని రాసి చూపించింది. మా నాన్నగారి అక్క అని చెప్పాను. ఆవిడ తల ఊపి, నా ఎదురుగా నేల మీద కూర్చుని, చదవమన్నట్టు చెయ్యి చూపించింది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఆ రోజు భాగమంతా వింది. ఆవిడ ముందు నా గొంతు చిన్నదవలేదు. ఎందుకో ఇప్పటికీ తెలియదు.

రెండు నెలలు పూర్తికావస్తుండగా నలభై ఒకటో వారం చదివాను. బల్ల మీద ఒక కాలు, వెనక నుంచి పిలుపు. ఎప్పుడూ అత్త అక్కడికి రాగానే "హూఁ, మళ్ళీ రేవులో నిలబెట్టేశాడు" అనేది. ఈసారి జవాబు ఆలస్యంగా వచ్చింది. గొంతు నీరసంగా ఉంది.

"ఆ పిలిచిందెవరో తెలీకుండానే పోతాను కాబోలే."

నవ్వుతూనే అంది. ఆ సాయంత్రం నాన్న ఫోన్ చేశారు. డయాలసిస్ మధ్యలో అత్త రెండుసార్లు స్పృహ తప్పిందని, గుండె బలహీనంగా ఉందని డాక్టరు గారు చెప్పారని.

"నేను వచ్చేయనా నాన్నా?"

"నీ టికెట్ ఎలాగూ వచ్చే వారమేగా తల్లీ. కంగారు పడకు."

వచ్చే వారం కాదు. ఆ ఉదయమే అక్కడి వాళ్ళు కొత్త లైను మొదలుపెడుతున్నాం, ఇంకో మూడు వారాలు ఉండమని అడిగారు. నేను అప్పటికే తల ఊపేశాను. తర్వాత వెళ్ళి కాదని చెప్పొచ్చు. ఏమని చెప్పాలో గదిలో అద్దం ముందు రెండుసార్లు అనుకున్నాను కూడా. అక్కడికి వెళ్ళాక వాళ్ళు నవ్వుతూ చూస్తే చెప్పలేకపోయాను. నేర్చుకుంటున్న పని మధ్యలో వదిలి రావాలని లేదు కూడా. ఆ రెంటిలో ఏది ఎంతో ఇప్పటికీ వేరు చేయలేను. నాన్నకి మూడు వారాల సంగతి చెబితే, "నీ ఇష్టం తల్లీ" అన్నారు.

ఆ ఆదివారం ఊరవతల నది దాటే పడవ దగ్గరికి వెళ్ళాను. స్కూటర్లు, కోళ్ళ బుట్టలు, బడి పిల్లలు అందరూ ఒకే పడవ మీద. నీళ్ళు కొత్త నీరు వచ్చినప్పటి గోదావరి రంగు. గుర్రపుడెక్క గుంపులు గుంపులుగా కొట్టుకుపోతోంది. ఆ గట్టు మీద కూర్చుని డైరీ తీశాను. నలభై రెండో వారం రాయడం మొదలుపెట్టాను.

అంతకు ముందు నేను డైరీ తప్ప ఏమీ రాయలేదు. ఆయన రాసినట్టు రాయాలి కాబట్టి పాత పేజీలు తిరగేస్తూ, ఆయన వాక్యాలు ఎక్కడ ఆగుతాయో చూసుకుంటూ రాశాను. నాలుగు రోజులు పట్టింది. పిలిచింది అక్కే. ఆ పిల్ల ఆ గొంతు గుర్తుపడుతుంది. తిరిగి చూస్తే ఇక వెళ్ళలేనని తెలుసు. రెండో కాలు కూడా బల్ల మీద పెడుతుంది. లాంచీలోంచి ఎవరో అందించిన తాడు పట్టుకోవడానికి చెయ్యి పైకెత్తితే, జాకెట్టు చంకలో పుటుక్కుమంటుంది. లాంచీ కూత వేస్తుంది. నది మధ్యకి వెళ్ళాక తిరిగి చూస్తుంది. అప్పటికి రేవులో మనుషులు ఎవరెవరో ఆనవాలు తెలియనంత చిన్నవాళ్ళయిపోతారు. ఆ పిల్ల పెట్టె మీద కూర్చుని ఏడుస్తుంది. రాస్తూ నేనూ ఏడ్చాను. ఆ పిల్ల కోసమే ఏడుస్తున్నాననుకున్నాను.

గురువారం మధ్యాహ్నం షెడ్డులో రికార్డు చేశాను. మొదట అబద్ధం చెప్పాను. "అత్తా, మా ల్యాబులో పనిచేసే అమ్మాయికి రాజమండ్రి పాత పుస్తకాల కొట్లో ఆ పత్రిక దొరికిందంట. పేజీలు ఫొటో తీసి పంపింది. విను." తర్వాత చదివాను. కోడి కూడా కూయలేదు. నా జీవితంలో అంత గట్టిగా ఎప్పుడూ చదవలేదేమో, వరండాలో ఒకరిద్దరు టోపీలు తీసి చూశారు.

అత్త శుక్రవారం డయాలసిస్‌లో వింది. జవాబు పంపింది. మా టీ విరామంలో, ఫోన్లు పెట్టుకునే బీరువా పక్కన నిలబడి విన్నాను. విని, ముఖం వేడెక్కి, ఫోన్ మళ్ళీ బీరువాలో పెట్టేశాను. ఎదురుగా కూర్చుని మాట్లాడదామనుకున్నాను. ఇంకా పదిహేను రోజులేగా అనుకున్నాను. శనివారం కూడా ఏమీ పంపలేదు.

ఆదివారం పొద్దున్న చర్చికి చీర కట్టుకుంటూ అత్త మంచం మీద కూర్చుంది. మళ్ళీ లేవలేదు.

నేను ఇల్లు చేరేసరికి సమాధి చేసి రెండు రోజులైంది. నాన్న నన్ను చర్చి వెనక తోటలోకి తీసుకెళ్ళారు. మట్టి ఇంకా తడిగానే ఉంది. బంతిపూల దండలు వాడిపోయి ఉన్నాయి. ఇంటికొచ్చాక చూస్తే అత్త మంచం మీద నా మెడదిండు ఉంది. మధ్యలో నొక్కుకుపోయి, కొబ్బరి నూనె మరకతో. డయాలసిస్‌కి వెళ్ళినప్పుడల్లా అదే మెడ కింద పెట్టుకునేదట. "పిల్ల వచ్చేలోగా కొంచెం మెత్తబరుస్తున్నాను" అనేదట నర్సులతో.

జ్ఞాపకార్థ కూడిక రోజు వాకిట్లో షామియానా వేశారు. అందరూ పాటలు పాడి భోజనాలకి లేస్తుండగా కిరాణా కొట్టు ఆవిడ వచ్చింది. చెప్పులు గేటు బయటే విడిచి, అత్త ఫొటోకి దణ్ణం పెట్టింది. అమ్మ నన్ను కాఫీ ఇవ్వమంది. గ్లాసు ఇస్తూ, ఎక్కడి నుంచి వచ్చిందో నాకే తెలియని గొంతుతో అడిగాను.

"మా అత్త మీద మీకు కోపం పోలేదాండి?"

ఆవిడ బిత్తరపోయింది. "కోపమేంటమ్మా? ఎందుకూ?"

"పట్టు జాకెట్టండి. చిలకపచ్చది. అంచు తలకిందులుగా కుట్టింది కదండి."

చాలాసేపు ఆలోచించింది. "ఏమోనమ్మా, గుర్తులేదు. చిలకపచ్చది ఉండేది. చాలా ఏళ్ళు తొడుక్కున్నాను. అంచు ఎవరు చూస్తారమ్మా పైట కప్పుకుంటే?"

"మరి పత్రికలు పంపడం ఆపేశారు కదండి?"

"అవి మా అత్తగారు చదివేవారమ్మా. నాకంత తీరికెక్కడిది? ఆవిడ హఠాత్తుగా పోయారు. ఇక ఎవరు చదువుతారని మా ఆయన పత్రిక మానిపించేశారు. ఇంట్లో మిగిలినవి కొట్లో పొట్లాలకి చింపేశాం. ఆ ఏడంతా మైల కదా, కొత్త గుడ్డలు కుట్టించుకోలేదు. ఏడాది తర్వాత మీ అత్తగారికి కబురు పంపితే, ఖాళీ లేదని చెప్పించారు. నేనే ఏదో అన్నానేమో, కోపం వచ్చిందేమో అనుకున్నానమ్మా ఇన్నాళ్ళూ."

కాఫీ సగం తాగి గ్లాసు కింద పెట్టింది. "మంచి చెయ్యమ్మా ఆవిడది" అంది.

నలభై రెండో వారం పత్రిక ఆ ఇంటికీ రాలేదన్నమాట. అయినా అది కాదు నేను అత్తకి చెప్పాల్సింది. చేపల సందులోంచి వెళ్ళక్కర్లేదత్తా, తిన్నగా వెళ్ళొచ్చు అని చెప్పాలి. చింతపండు కొన్నరోజు ఇంకొక్క మాట అడిగి ఉంటే చెప్పి ఉండేదాన్ని.

ఆ సీరియల్ ఇప్పుడు నా దగ్గరే ఉంది. నేను రాసిన పేజీలు డైరీలోంచి చింపి దానికి కలిపి కుడదామని ఒకసారి మిషను ముందు కూర్చున్నాను. సూదిలో అత్త వదిలిన తెల్ల దారం ఇంకా అలాగే ఉంది. కుట్టలేదు. ఆవిడ అడిగింది నేను ఇంకా రాయలేదు.

శుక్రవారం వచ్చిన ఆ మెసేజ్‌ని ఇన్నాళ్ళలో ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. వెనక డయాలసిస్ మిషను బీప్ బీప్‌మంటూ ఉంటుంది. నర్సు ఎవరినో పిలుస్తూ ఉంటుంది. అత్త ముందు కొంచెం దగ్గుతుంది. తర్వాత అంటుంది:

"విన్నానే. బాగుంది. మీ అమ్మ ఓడిపోయింది, మూతి ముడుచుకుని కూర్చుంది. కానీ చంకలో కుట్టు పుటుక్కుమందని రాశావు చూడు, అక్కడ దొరికిపోయావే పిచ్చిమొహమా. నలభై ఒక్క వారాలు రాసిన ఆ మగమహారాజుకి, చెయ్యెత్తితే జాకెట్టు ఎక్కడ పిగులుతుందో తెలుసా? పోన్లే, ఎవరికీ చెప్పను. ఆ పిల్ల సంగతి సరే, ఎలాగోలా బతుకుతుంది, ఉద్యోగం ఉంది. రేవులో నిలబడి పిలిచింది చూడు, ఆవిడ. లాంచీ వెళ్ళిపోయాక ఆవిడ ఇంటికెళ్ళి ఏం వండుకుంది? అన్నం తిందా? అది రాయలేదేంటే?"